మహారాజశ్రీ ర్యాంకు మెసేజ్ గారికి

మహారాజశ్రీ మా కాలేజీ వీకెండ్ టెస్ట్ ర్యాంకు మెసేజ్ గారి దివ్యసముఖమునకు, కూకట్‌పల్లి నుంచి సెకండియర్ ఎంపీసీ పిల్ల నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమ కుశలానికి ఏ లోటూ ఉండదు. నా కుశలం మాత్రం ఆదివారం రాత్రి ఎనిమిదీ నలభైతో ఆఖరు.

తమరికి వేళాపాళా లేదని తెలుసు గానీ, మరీ నిశ్చితార్థం భోజనాల దగ్గరికా? దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దనాన్న కూతురి నిశ్చితార్థం. స్టడీ అవర్ లేని సాయంత్రం దొరికి ఎన్నాళ్లయిందో! డబుల్ కా మీఠా వేయించుకుని చెంచా ఎత్తానో లేదో, నాన్న జేబులో మీరు టింగుమన్నారు. ఆయన కుడిచెయ్యి ఎంగిలి. ఎడంచేత్తో ఫోన్ తీసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ని దూరంగా పట్టుకుని చదివాడు. ఏమీ అనకుండా పెద్దనాన్న చేతికిచ్చాడు. పెద్దనాన్నకి మనసులో చదువుకునే అలవాటు లేదు. "డియర్ పేరెంట్, మీ వార్డ్ మార్కులు 171, క్యాంపస్ ర్యాంకు 304." బగారా అన్నం వడ్డించే పిల్లగాడు కూడా గరిటె ఆపి నావైపు చూశాడు.

"పోయినసారి 212 ఉండె కదా?" అన్నాడు నాన్న.

"అయితే ర్యాంకు పెరిగినట్టేగా!" నానమ్మ మొహం వెలిగిపోయింది.

"పెరుగుడు కాదమ్మా, తగ్గింది."

"304 ఎక్కువనా, 212 ఎక్కువనా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ బంతిలో లెక్క సరిగ్గా చేసింది ఆవిడొక్కతే అని నా అభిప్రాయం.

మెసేజ్ గారూ, తమరు చెప్పకుండా మింగేసిన సంగతి నేను విన్నవించుకుంటాను. పోయినసారి 300కి నాకు 148. 75 ప్రశ్నల్లో 40 రైటు, 12 తప్పు. ఈసారి 45 రైటు, 9 తప్పు. రైటుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి, మీరే వేసి చూసుకోండి. పెరిగిన ఆ అయిదూ ఫిజిక్స్‌లో రొటేషన్ చాప్టర్‌వి. ఫస్టియర్ నుంచి నన్ను ఏడిపించిన చాప్టర్ అది. మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను. ఫార్ములా బట్టీపట్టినా బుర్రకెక్కకపోతే, ఒక రాత్రి పరీక్ష అట్టని పుస్తకాల మీద ఏటవాలుగా పెట్టి గోలీ, క్యారమ్ స్ట్రైకర్, అమ్మ గాజు దొర్లించాను. ప్రతిసారీ గోలీ ముందు, స్ట్రైకర్ తర్వాత, గాజు ఆఖరు. జారకుండా దొర్లినంతసేపూ బరువుతో పనిలేదు, సైజుతో పనిలేదు. ఆ బరువు నడిమధ్య నుంచి ఎంత దూరాన పోగైందన్నదే లెక్క. గాజుకి ఉన్న బరువంతా అంచునే కదా, అందుకే దానికి అంత బద్ధకం. అర్ధరాత్రి ఆ ముక్క అర్థమై ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నవ్వుకి తమ 160 అక్షరాల్లో చోటెక్కడ?

పేపరు ఈజీగా వచ్చింది. నాకు 23 పెరిగితే, నన్ను దాటిన 92 మందికి ఇంకాస్త ఎక్కువే పెరిగి ఉంటాయి. అంతే జరిగింది. నేను వెనక్కి నడవలేదు, వాళ్లు పరిగెత్తారు. జేఈఈ మెయిన్‌లోనూ ఇంతే కదా, పర్సంటైల్ అంటే పక్కవాళ్లని బట్టేగా, దాన్ని ఏడు దశాంశాల దాకా ఇస్తారుగా అంటారా? ఒప్పుకుంటాను. కానీ వాళ్లు జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పరువు తీస్తారు. మీరు వారం వారం.

తమ చుట్టాల సంగతి ఎత్తకపోవడం మర్యాద కాదు. ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు అరిచే టీవీ యాడ్ గారు కులాసానా? ఫస్టియర్‌లో 470కి 462 వస్తే మిగతా ఎనిమిదీ ఏవని అడిగిన డీన్ గారు? ఇంట్లో తెలుగు, ఆటోలో హిందీ, మార్కుల కోసం సంస్కృతం. అందులో నాకు 99, రామశబ్దం పూర్తిగా అప్పజెప్పమంటే మాత్రం దిక్కులు చూస్తాను. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీ 2023లో పోయింది, 2024లో ఎంసెట్ పేరే ఈఏపీసెట్ అయింది, తమరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఒసేయ్ మెసేజూ! పరీక్ష రాసింది నేనైతే ఉత్తరం నాన్నకెందుకు? నన్ను వార్డ్ అంటావా? వార్డులు ఆస్పత్రిలో ఉంటాయి, మున్సిపాలిటీలో ఉంటాయి. నాకో పేరుంది, హాజరు పిలిచేటప్పుడు రోజూ వింటావుగా! తప్పులన్నీ ఎర్రర్ బుక్కులో ఎక్కించమన్నారు, ఎక్కించాను, రెండు నోటుబుక్కులు నిండాయి. ఒక్కరు తిరగేసి చూడలేదు. నువ్వు మాత్రం పెళ్లివారి ముందు నా పరువు చదివించావు. సిగ్గులేదూ?

తిరుగు ప్రయాణంలో బండి మీద నాన్న అమీర్‌పేట దాకా నోరు విప్పలేదు. ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర హెల్మెట్ అద్దం పైకెత్తి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఇరవై మూడు పెరిగినయి కదా బిడ్డా."

"ఏంటివి?"

"మార్కులే. పోయినసారి 148 ఉండె."

నీ పాత మెసేజ్‌లు ఒక్కటీ తీసేయలేదట ఆయన. చెయ్యి కడుక్కున్నాక పక్కకి వెళ్లి, పైకి జరుపుకుంటూ వెతికి, తీసివేత చేసుకున్నాడట. ఆ 148 కూడా ఒకప్పుడు నువ్వు మోసుకొచ్చిందే కాబట్టి సగం క్షమించాను.

మిగతా సగం కుదరదు. డబుల్ కా మీఠా ఒక్క చెంచా కూడా తినకుండా వదిలేసి వచ్చాను.

ఇట్లు,
నీ వార్డ్