జలుబే కదా అని బయల్దేరే ముందు

2022 జనవరి ఇది. ఎటు వెళ్ళినా ఒకటే మాట వినిపిస్తోంది, "ఏం లేదండీ, జలుబే". పండక్కి ఊరెళ్ళొచ్చినవాళ్ళు, ఆఫీసు లిఫ్టులో ఎదురైనవాళ్ళు, కూరగాయల బండి దగ్గర నిలబడ్డవాళ్ళు, అందరిదీ ఇదే. గొంతు గరగరలాడుతోంది, ముక్కు కారుతోంది, రాత్రి కాస్త ఒళ్ళు వెచ్చబడితే డోలో వేసుకున్నాను, తగ్గిపోయింది. మంచు పడలేదు, ఊళ్ళో నీళ్ళు పడలేదు, బస్సులో ఏసీ పడలేదు. కారణాలకేం కొదవ లేదు. దేశం మొత్తం మీద రోజుకు 3 లక్షలకు పైగా కోవిడ్ కేసులు వస్తున్న వారంలో కూడా "కోవిడేమో" అన్న అనుమానం మాత్రం ఎవరికీ రావడం లేదు.

నాకు దీని మీద చాలా కోపంగా ఉంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారికి డయాలసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మెషిన్ మీద ఉండాలి. ఎప్పుడూ చూడనివాళ్ళకి ఆ గది ఎలా ఉంటుందో తెలియదు. వరసగా బెడ్లు, బెడ్డుకో మెషిన్, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. ఏసీ కోసం కిటికీలు మూసేసి ఉంటాయి. ఫిస్టులా (డయాలసిస్ కోసం సర్జరీతో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి రెండు సూదులు గుచ్చాలంటే టెక్నీషియన్ పేషెంటు మీదకి వంగాల్సిందే, దూరం పాటించడమన్నది అక్కడ కుదిరే పని కాదు. మొన్న నాన్నని తీసుకెళ్ళినప్పుడు పక్క బెడ్డు పెద్దాయన్ని దింపడానికి వచ్చిన కుర్రాడు మాస్కు గడ్డం కిందకి లాక్కుని తుమ్ముతున్నాడు. బాబూ, ఒంట్లో బాలేదా అని అడిగాను. "బానే ఉందండీ, జలుబే" అన్నాడు. ఆ అబ్బాయి అబద్ధమాడుతున్నాడని నేననుకోను. తనకి ఆయాసం లేదు, మంచం పట్టలేదు, తిరగగలుగుతున్నాడు. కాబట్టి ఏమీ లేదు. అంతే తన లెక్క.

రెండేళ్ళ నుంచీ "ఇంట్లోనే ఉండండి" అని చెవినిల్లు కట్టుకుని చెబుతున్నారు. మా నాన్నలాంటివాళ్ళకి ఇంట్లో ఉండే అవకాశమే లేదు. ఒక్కసారి డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే పడుకోలేనంత ఆయాసం వస్తుంది, పొటాషియం పెరిగితే గుండె మీదకొస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో చెక్‌పోస్టుల దగ్గర హాస్పిటల్ ఫైలు చూపించుకుంటూ వెళ్ళాం. ఇప్పుడూ వెళ్ళాలి, వచ్చే నెలా వెళ్ళాలి. కిడ్నీలు పనిచేయనివాళ్ళకి టీకా వేసినా మనకి ఇచ్చినంత రక్షణ ఇవ్వదు. 2022 జనవరి 10 నుంచి 60 ఏళ్ళు దాటి వేరే జబ్బులున్నవాళ్ళకి ప్రికాషన్ డోసు, అంటే మూడో డోసు మొదలుపెట్టారు, సంతోషమే. కానీ రెండో డోసు పడి 9 నెలలు నిండాలన్నారు. నాన్నకి ఇంకా నిండలేదు. ఇక పాజిటివ్ వచ్చిందంటే ఎప్పుడూ చేసే మెషిన్ మీద చేయరు. వేరే మెషిన్, వేరే షిఫ్టు, లేదంటే వేరే హాస్పిటల్ వెతుక్కోవాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ వెతుకులాటలో పడ్డ కుటుంబాలని దగ్గర్నుంచి చూశాను.

అందుకే "భయమున్నవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి, మిగతావాళ్ళ పనులు ఆపమంటే ఎలా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో కూర్చోలేనివాళ్ళు డయాలసిస్ గదుల్లో ఉన్నారు, కీమోకి తిరుగుతున్నారు, నెలలు నిండి ప్రసవానికి వెళ్తున్నారు. 2022 జనవరి నాటికి 15 ఏళ్ళ లోపు పిల్లలకి టీకానే రాలేదు. వీళ్ళంతా బయటికి రాక తప్పదు కాబట్టి, ఇంట్లో ఆగగలిగినవాళ్ళు ఆగాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

ఆరోగ్యశాఖ లెక్కలో ఆయాసం లేకుండా, రక్తంలో ఆక్సిజన్ 93 శాతం కంటే పైన ఉంటే స్వల్ప లక్షణాలు. ఎవరికి బెడ్ కావాలి, ఎవరికి ఇంట్లో వైద్యం చాలు అని తేల్చుకోవడానికి పెట్టుకున్న లెక్క అది. మన నుంచి పక్కవాళ్ళకి అంటుకుంటుందా లేదా అన్నది ఆక్సిమీటర్ చెప్పదు. గొంతు గరగర తప్ప ఇంకేమీ లేని మనిషి నుంచి కూడా అంటుకుంటుంది. అందులోనూ ఎక్కువగా అంటుకునేది లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు, మొదలయ్యాక రెండు మూడు రోజులు. "చూద్దాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం" అని మనం గడిపేసేది సరిగ్గా ఆ రోజులే. ఒళ్ళు నొప్పులు పట్టలేనంత అయ్యాక టెస్టు చేయించుకుని, పాజిటివ్ అని స్టేటస్ పెట్టి, "నన్ను కలిసినవాళ్ళు జాగ్రత్త" అంటున్నారు. ఆ జాగ్రత్త ఏదో మొదటి రోజు పొద్దున మనం పడాల్సింది కదా!

డోలో సంగతి కూడా చెప్పాలి. అది జ్వరాన్ని దించుతుంది, వైరస్‌ని చంపదు. మాత్ర వేసుకుని ఆఫీసుకొస్తే గేటు దగ్గర సెక్యూరిటీ నుదుటికి పెట్టే గన్నులో నార్మలే చూపిస్తుంది. ఆ నంబరు చూసి అతను లోపలికి పంపిస్తాడు, మన మనసూ కుదుటపడుతుంది. దానితో ఎవరికి మేలు జరిగింది?

టెస్టుల విషయంలో ఇంకో గందరగోళం నడుస్తోంది. 2022 జనవరి 10న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒక సూచన ఇచ్చింది. పాజిటివ్ వచ్చినవాళ్ళని కలిసిన వాళ్ళలో వయసు మీదపడ్డవాళ్ళు, ఇతర జబ్బులున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు లక్షణాలు లేకపోతే టెస్టు చేయించుకోనక్కర్లేదని. మా వాట్సాప్ గ్రూపుల్లో అది "ఇక టెస్టులు అక్కర్లేదట" అయి కూర్చుంది. దగ్గు, జ్వరం, గొంతు నొప్పి ఉన్నవాళ్ళు చేయించుకోవాలని అదే కాగితంలో ఉంది, ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఇంట్లో చేసుకునే యాంటిజెన్ టెస్టు కిట్‌తో పావుగంటలో తెలిసిపోతుంది. కానీ ఒక్క గీతే వచ్చింది, నెగెటివే అని చంకలు గుద్దుకోవద్దు. లక్షణాలుండి యాంటిజెన్‌లో నెగెటివ్ వస్తే ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టు చేయించుకోమని కూడా ఐసీఎంఆరే చెప్పింది. మొదటి రోజు దొరకనిది రెండో రోజు, మూడో రోజు దొరకొచ్చు. ఆ మధ్యలో మనం ఎక్కడున్నామన్నదే ముఖ్యం.

మరి ప్రతి తుమ్ముకీ తలుపులేసుకోవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఏళ్ళ తరబడి డస్ట్ అలర్జీ ఉన్నవాళ్ళకి తమ తుమ్ములు తమకి తెలుసు. ఇల్లూడిస్తే వస్తాయి, కాసేపటికి పోతాయి, వాటితో జ్వరం రాదు, ఒళ్ళు నొప్పులుండవు. నిన్నటిదాకా లేనిది ఇవాళ కొత్తగా వచ్చింది, ఎందుకొచ్చిందో గట్టిగా చెప్పలేం అంటే ఆగిపోవడమే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వేరే గదిలో, గది లేకపోతే కిటికీ తీసి మాస్కుతో. పాజిటివ్ అయితే 7 రోజులు, చివరి 3 రోజులు జ్వరం లేకుండా. 2022 జనవరి నాటి మార్గదర్శకాలు చెప్పిందీ అదే. ఒకవేళ అది నిజంగానే ఉత్తి జలుబని తేలిందనుకోండి, పోయింది రెండు రోజుల సెలవే.

ఇక్కడే అసలు చిక్కుంది. రెండు రోజుల సెలవు అందరి చేతిలోనూ లేదు.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి పోయిన వారం పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, రావాలా?" అని. ఆ "రావాలా" వినగానే నా ప్రాణం ఉసూరుమంది. వద్దమ్మా, తగ్గేదాకా రావద్దు, జీతం ఏమీ తగ్గించను అని చెబితే, అటు నుంచి కాసేపు మాట లేదు. తను చేసే ఇంకో ఇంట్లో "మాస్కు పెట్టుకుని రా, గిన్నెలు బయట వేస్తాం" అన్నారట. ఇంకో ఇంట్లో నాగా పెడితే రోజు లెక్కన కోసేస్తారు. ఆ అమ్మాయి ఏం నిర్ణయించుకోవాలి? ఇంటద్దె, పిల్లల ఫీజు ఒక పక్కన పెట్టి, గొంతు గరగర ఇంకో పక్కన పెట్టి తూచుకోమని వదిలేశాం మనం. పైగా కేసులు పెరిగితే "ఈ పనివాళ్ళ వల్లే" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజీలు.

కంపెనీల్లో చేసేవాళ్ళకి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంది కదా అంటారు. 2022 నాటికి నెల జీతం 21,000 రూపాయలు దాటనివాళ్ళకే అది. జబ్బు చేస్తే కూలీలో 70 శాతం ఇస్తుంది, నిజమే. కానీ మొదటి రెండు రోజులకి మామూలుగా ఏమీ రాదు. ఎక్కువగా అంటుకునే రోజులేవని పైన చెప్పాను కదా, ఆ రోజులకే డబ్బు రాదు. 1948 నాటి చట్టం, ఇలాంటి రోజుల కోసం రాసింది కాదు. రెండేళ్ళ మహమ్మారి తర్వాత కూడా ఆ ఒక్క నిబంధన మార్చాలని గట్టిగా అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి, అడ్డా మీద నిలబడే కూలీలకి ఆ మాత్రమూ లేదు.

సిక్ లీవులు మురిగిపోతున్న ఉద్యోగులు మాత్రం దగ్గుతూ ఆఫీసుకొస్తారు. వాళ్ళని "ఎంత డెడికేషనో చూడండి" అని మెచ్చుకునే మేనేజర్లున్నారు. ఫోన్ చేసి సెలవడిగితే "జలుబుక్కూడానా?" అని ఒక్క ముక్క అంటారు చూడండి, ఆ ముక్కతో ఆ సెక్షన్‌లో ఇంకెవరూ నిజం చెప్పరు.

నిజం చెప్పడానికి జనం ఎందుకు జంకుతున్నారో నాకు తెలుసు. 2022 జనవరి 21 శుక్రవారం నుంచి తెలంగాణలో జ్వర సర్వే మొదలైంది. మా బిల్డింగ్‌కి ఆశా కార్యకర్త వచ్చి, మెట్ల మీద నిలబడి "జ్వరం, దగ్గు, జలుబు ఎవరికైనా ఉన్నాయా అమ్మా?" అని ఒక్కో తలుపు కొట్టి అడిగింది. ఆమె చేతి సంచిలో మందుల కిట్లున్నాయి, ఊరికే ఇస్తారు. ఒకరింట్లో లోపల ఎవరో దగ్గుతూనే ఉన్నారు, తలుపు సందులోంచి "మాకేం లేదు" అనేశారు. 2020లో పాజిటివ్ వచ్చినవాళ్ళ ఇంటి ముందు కర్రలు కట్టాం, పాలవాడిని రానివ్వలేదు, అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయమన్నాం. అవన్నీ చూసినవాళ్ళు ఇవాళ తలుపు తీసి నాకు దగ్గుందని ఎలా చెబుతారు? పక్కింటివాళ్ళకి ఒంట్లో బాలేదంటే గుమ్మం ముందు క్యారియర్ పెట్టి ఫోన్ చేసి చెప్పండి. వచ్చేసారి వాళ్ళే ముందుగా చెబుతారు.

మాఘం వస్తోంది, ముహూర్తాలున్నాయి. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతర. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని డోలో వేసుకుని మరీ పెళ్ళిళ్ళకి బయల్దేరేవాళ్ళు మన చుట్టాల్లోనే బోలెడుమంది. ఆ మొహమాటం తీర్చగలిగింది పిలిచేవాళ్ళే. శుభలేఖలు పంచుతున్నవాళ్ళకి నాదొక విన్నపం. పిలిచేటప్పుడే ఒక మాట కలపండి: "ఆ రోజుకి కాస్త జలుబు చేసినా సరే, రాకండి. మేమేమీ అనుకోం. పెళ్ళయ్యాక మేమే పిల్లాణ్ణీ పిల్లనీ తీసుకుని మీ ఇంటికొస్తాం."