డబ్బా మీది కిలోమీటర్లు నమ్మకండి

వాకీటాకీ ఉంటే ఫోన్‌తో పనే లేదని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నాకైతే అంత నమ్మకం లేదు. డబ్బా మీద వేసే దూరం మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి లెక్క. అర వాట్ శక్తితో సిగ్నల్ పంపే సెట్‌తో ఇళ్ల మధ్య కిలోమీటరు అందితే గొప్పే.

బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, మాట పూర్తయ్యాకే వదలాలి. ఓసారి నేను "రావద్దు" అంటూ తొందరగా వదిలేస్తే మా తమ్ముడికి "రా" అనే వినబడిందట. వర్షంలో తడుస్తూ వచ్చేశాడు పాపం!

ఇక ప్రైవసీ కోడ్ గురించి, అంటే ఛానల్‌తో పాటు సెట్‌లో పెట్టుకునే నంబరు. అది పక్కవాళ్ల మాటలు మన సెట్‌లో మోగకుండా ఆపుతుంది, అంతే. అదే ఛానల్‌లో కోడ్ పెట్టుకోని వాళ్లకు మన కబుర్లన్నీ చక్కగా వినిపిస్తాయి. ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టారో అందులో చెప్పకండి.