‘నార్మల్’ అని చెప్పాక బయటపడే క్యాన్సర్

మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) అనుమానించదగినదేమీ లేదని చెప్పి పంపిన మహిళకు, తదుపరి పరీక్ష గడువు రాకముందే రొమ్ములో గడ్డ తగిలి, అది క్యాన్సర్‌గా తేలితే వైద్యులు దాన్ని ఇంటర్వెల్ క్యాన్సర్ అంటారు. స్క్రీనింగ్‌లో, అంటే లక్షణాలేవీ లేనప్పుడే చేసే ముందస్తు పరీక్షలో, దొరికేవాటితో పోలిస్తే ఇవి సగటున పెద్దవి, ఉద్ధృతమైనవి, చంకలోని లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువున్నవి. హార్మోన్ చికిత్సకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకం వాటా కూడా వీటిలోనే అధికం. నెమ్మదిగా పెరిగే కణితి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది కనుక ఏదో ఒక పరీక్షకు చిక్కుతుంది. నెలల్లోనే పెరిగేది రెండు పరీక్షల నడుమ తప్పించుకుంటుంది. అందువల్ల ఎన్ని క్యాన్సర్లు పట్టుకున్నామన్న లెక్క ఒక్కటే స్క్రీనింగ్‌కు గీటురాయి కాజాలదు. పట్టుకున్నవాటిలో ఎన్నటికీ ప్రాణం మీదికి రానివీ కొన్ని ఉంటాయి.

50 ఏళ్లు దాటిన మహిళలను మూడేళ్లకోసారి పరీక్షకు పిలిచే బ్రిటన్‌లో, నడుమ క్యాన్సర్ బయటపడితే పాత మామోగ్రామ్‌ను మళ్లీ పరిశీలించే విధానం ఉంది. అప్పుడే కనిపించిందా, నిజంగా తర్వాతే పుట్టిందా అన్నది తెలుసుకునే హక్కు రోగికి ఉండాలన్నది దాని ఉద్దేశం. సాంద్రత ఎక్కువున్న రొమ్ముల్లో కణజాలమూ కణితీ రెండూ తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. నెదర్లాండ్స్‌లో సాంద్రత అత్యధికంగా ఉన్న మహిళలను అదనంగా ఎంఆర్‌ఐకి పిలిచినప్పుడు ఇంటర్వెల్ క్యాన్సర్లు 1,000 మందికి 5 నుంచి 2.5కి తగ్గాయని 2019లో వెలువడిన అధ్యయనం చూపింది. రొమ్ము సాంద్రతను మహిళకు తెలియజేయడాన్ని అమెరికా 2024 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేసింది.

మన దగ్గర పరిస్థితి వేరు. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన మహిళలకు శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేతితో తడిమి చేసే పరీక్షే ఆధారం, అదీ అయిదేళ్లకోసారి. ముంబయిలో 1998లో మొదలైన టాటా మెమోరియల్ అధ్యయనంలో ఇలాంటి పరీక్షనే రెండేళ్లకోసారి చేశారు. క్యాన్సర్లు తొలి దశల్లో బయటపడ్డాయి, 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఆ ఫలితాన్ని ఉదహరిస్తూ అయిదేళ్ల విరామాన్ని సమర్థించుకోవడం కుదరదు. సబ్‌సెంటర్‌లో ‘నార్మల్’ అని రాయించుకున్న మహిళ రెండేళ్లకు గడ్డ తగిలినా ‘అప్పుడే చూపించుకున్నాను కదా’ అని ఊరుకుంటే, స్క్రీనింగే ఆలస్యానికి కారణమవుతుంది.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది: స్క్రీనింగ్ నమోదులను ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ చికిత్స వివరాలతో అనుసంధానించి, ‘నార్మల్’ అని తేల్చినవారిలో ఎందరికి గడువులోపే రొమ్ము క్యాన్సర్ వచ్చిందో ఏటా ప్రకటించాలి. ఈ లెక్కను ఏఎన్‌ఎంలను శిక్షించడానికి వాడితే ఎవరూ నిజం రాయరు. శిక్షణలో, పరికరాల్లో, విరామంలో లోపమెక్కడుందో కనిపెట్టడానికే వాడాలి. గడ్డ, చర్మంలో సొట్ట, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే గడువుతో నిమిత్తం లేకుండా వెంటనే రావాలని ప్రతి పరీక్ష చీటీపైనా తెలుగులో ముద్రించాలి. అలా వచ్చినవారిని జిల్లా ఆసుపత్రిలో తేదీల కోసం తిప్పకుండా మామోగ్రామ్‌కు, అవసరమైతే బయాప్సీకి పంపాలి.