రైతు బాకీ తీరకుండా రాయితీలా?

తోతాపురి మామిడికి కిలోకు రూ.12 రైతు చేతికి అందాలని, అందులో రూ.8 గుజ్జు పరిశ్రమలు, రూ.4 ప్రభుత్వం భరించాలని 2025 సీజన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వం తన వంతు నాలుగు రూపాయలను ఖజానా నుంచి తీసి ఇచ్చింది. తక్కిన ఎనిమిది రూపాయల సంగతి చిత్తూరు జిల్లాలో ఏ తోట గట్టు మీద నిలబడి అడిగినా చెబుతారు. ప్రకటించిన ధర ఒకటి, చేతికి వచ్చింది మరొకటి అని రైతులు ఫ్యాక్టరీల గేట్ల ముందు, అధికారుల ముందు నెలల తరబడి మొరపెట్టుకున్నారు. ఆ లెక్క తేలకుండానే ఆహారశుద్ధి పరిశ్రమకు మరింత ఊతమివ్వాలన్న మాట మళ్లీ ముందుకు వచ్చింది. పరిశ్రమ పెరగాలనే మేమూ కోరుతున్నాము. రైతుకు ఇచ్చిన మాటతో ముడిపెట్టకుండా ఆ పరిశ్రమకు ప్రజల సొమ్ము ధారపోయడాన్ని మాత్రం ఒప్పుకోలేము.

ఆ జూన్, జూలై నెలల్లో ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరిన దృశ్యాన్ని ఈ జిల్లా మరచిపోలేదు. టోకెన్ జేబులో పెట్టుకున్న రైతు ట్రాలీ కిందనే గోనెపట్టా పరచుకొని పడుకున్నాడు. రెండు మూడు రోజులు గడిచేసరికి అడుగున ఉన్న కాయ మెత్తబడి, ట్రాలీ సందుల్లోంచి రసం రోడ్డు మీదకు కారింది. ఆ కాయ కాటా దగ్గరకు చేరాక తరుగు కింద పోతుంది. కోత కూలి, ట్రాక్టరు బాడుగ మాత్రం పూర్తిగా రైతు నెత్తినే పడతాయి. నేరుగా తినే బేనీషా (బంగినపల్లి) అయితే కొనేవాడు బేరం తెగనివ్వకపోయినా ఊళ్లోకి తీసుకువెళ్లి తట్టల్లో పెట్టి అమ్ముకోవచ్చు. తోతాపురికి ఆ వీలు లేదు. ఈ జిల్లాలో దానిలో అధిక భాగం గుజ్జుకే పోతుంది కాబట్టి, గేటు తెరిచేవాడు చెప్పిందే ధర అవుతోంది.

అంతకుముందు ఏడాది గుజ్జు గోదాముల్లో మిగిలిపోయిందని, విదేశీ ఆర్డర్లు తగ్గాయని, బ్యాంకు వడ్డీలు మోయలేకపోతున్నామని పరిశ్రమ యజమానులు అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే గాలి, సూక్ష్మజీవులు చొరబడకుండా డ్రమ్ముల్లో నింపిన గుజ్జు ఏడాదికి పైగా చెడకుండా ఉంటుంది, కోసిన కాయ అన్నాళ్లు ఆగదు. ఆగగలిగినవారు తమ నష్టాన్ని ఆగలేనివారి మీదకు నెట్టివేస్తే, దానిని మార్కెట్ ఒడిదుడుకు అని సరిపెట్టుకోవడం న్యాయం కాదు.

ఈ పరిశ్రమకు సర్కారు సాయం కొత్తేమీ కాదు. రూ.30,000 కోట్ల పెట్టుబడులు, 3 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా 2024-29 కాలానికి రాష్ట్రం ఆహారశుద్ధి విధానాన్ని ప్రకటించి, దాని కింద పెట్టుబడి రాయితీలకు హామీ ఇచ్చింది. కేంద్రం రూ.10,900 కోట్లతో తెచ్చిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకంలో పండ్లు, కూరగాయల శుద్ధికి చోటు ఉంది. పండ్ల గుజ్జుతో, రసంతో తయారయ్యే పానీయాల మీద 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. అదే ఏడాది జూలైలో 1,62,000 టన్నుల తోతాపురికి క్వింటాకు రూ.1,490.73 చొప్పున, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్య పథకాన్ని కూడా కేంద్రం ఆమోదించింది. ఇన్ని ఉత్తర్వుల్లో, కాయ తీసుకున్న ఫ్యాక్టరీ ఎన్ని రోజుల్లో ఎంత చెల్లించాలి, చెల్లించకపోతే తాను పొందిన రాయితీలో ఎంత తిరిగి కట్టాలి అన్న ఒక్క షరతు ఎందుకు లేదని మేము అడుగుతున్నాము.

షరతు పెట్టే శక్తి ప్రభుత్వానికి లేదని ఎవరైనా అంటే నమ్మలేము. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా సరిహద్దులో లారీలను, ట్రాక్టర్లను నిలిపివేశారు. ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వ్యవహారం వెళ్లింది. శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చే పొరుగు రైతు బండిని ఆపడానికి చూపిన పట్టుదల, మన రైతుకు ఎనిమిది రూపాయలు ఇప్పించే విషయంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించలేదు. బలహీనుడి మీద పనిచేసిన అధికారం బలవంతుడి ముందు విజ్ఞప్తిగా మారిపోయింది.

మమ్మల్ని అన్నిటికంటే కలవరపెడుతున్నది ఈ ఆనవాయితీయే. ప్రభుత్వం ప్రకటించిన ధర చెల్లించకపోయినా ఏమీ కాదని ఒక సీజన్‌లో రుజువైతే, తరువాతి సీజన్‌లో దానిని చెల్లించేవాడు ఎవడు? నిజాయతీగా ఎనిమిది రూపాయలు చెల్లించిన యజమాని తన పక్కవాడు తక్కువకు కొని, తక్కువకు గుజ్జు అమ్ముకుంటుంటే ఎంతకాలం నిలబడగలడు? కాయ ధర పడిపోయిన ప్రతిసారీ ఖజానా వచ్చి తేడా పూడుస్తుందని తెలిసిన చోట, రాయితీ రైతుకు అందినట్టు కనిపించినా, ఆ మేరకు తక్కువకు కొన్న ఫ్యాక్టరీకే చేరుతుంది. ఇవాళ మామిడికి ఒప్పుకున్నది రేపు పలమనేరు, పుంగనూరు టమాటాకు, ఆ తరువాత మరో పంటకు వర్తిస్తుంది.

చెరకు రైతుకు ఈ విషయంలో కాస్త నయమైన రక్షణ ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లోగా మిల్లు డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడతాయని మేము అనడం లేదు. గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర కర్మాగారాలు మూతపడ్డాక బకాయిల కోసం రైతులు ఏళ్ల తరబడి తిరిగిన సంగతి ఈ ప్రాంతానికి తెలుసు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడినప్పుడు పాడి రైతులు పడ్డ పాట్లు కూడా తెలుసు. అయినా చెరకు రైతు చేతిలో అడగడానికి ఒక నిబంధన ఉంది. మామిడి రైతు చేతిలో ఉన్నది కాటా చీటీ ఒక్కటే, చాలాసార్లు దాని మీద ధర కూడా వేసి ఉండదు.

అందువల్ల తదుపరి కోత మొదలయ్యేలోగా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. కాటా చీటీ మీద బరువుతో పాటు ధర, చెల్లింపు గడువు అచ్చు వేయించి, దాని నకలు ఉద్యాన శాఖకు చేరేలా చూడాలి. రైతులకు బాకీ లేమని ధ్రువపత్రం తెచ్చిన పరిశ్రమకే పెట్టుబడి రాయితీ గానీ, విద్యుత్ రాయితీ గానీ విడుదల చేయాలి. ఆహారశుద్ధి సూక్ష్మ పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రాయితీ ఇచ్చే కేంద్ర పథకం 2020లో వచ్చింది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, మహిళా సంఘాలకు దాని కింద చిన్న గుజ్జు యూనిట్లు పెట్టించే బాధ్యతను బ్యాంకర్ల సమావేశాల్లో తీర్మానాలకు వదిలేయకూడదు. చిన్న యూనిట్లు పెద్ద ఫ్యాక్టరీలతో పోటీపడలేవు, కానీ గేటు మూసిన రోజున కాయ కుళ్లకుండా కొంతైనా ఆదుకుంటాయి.

మొదట బాకీల జాబితా బయట పెట్టాలి. ఏ ఫ్యాక్టరీ ఎన్ని టన్నులు తీసుకుంది, ఎంత చెల్లించింది, ఇంకా ఎంత ఇవ్వాలి అన్న లెక్క అధికారుల దగ్గర ఉండాల్సిందే, ఎందుకంటే ఆ టన్నుల లెక్క మీదే నాలుగు రూపాయల సాయం ఇచ్చారు. ఆ కాగితాన్ని దాచిపెట్టి కొత్త రాయితీల ఫైలు మీద సంతకం పెట్టే అధికారి గానీ, పెట్టించే ప్రజాప్రతినిధి గానీ ట్రాలీ కింద పడుకున్న రైతు ముందు నిలబడి జవాబు చెప్పాల్సి ఉంటుంది.