చెవి లాగకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు
పసిపిల్లలు చెవి పట్టుకుని లాగితే మధ్యచెవి ఇన్ఫెక్షన్ అని అనుమానించాలని పిల్లల చెవినొప్పి గురించిన ఓ వ్యాసంలో రాశారు. పళ్లొచ్చేటప్పుడూ, నిద్రొచ్చినప్పుడూ కూడా లాగుతారండీ. మా పాపకి 14 నెలలప్పుడు అసలు చెవి ముట్టుకోనే లేదు. నాలుగు రోజులు జలుబు, తగ్గుతోంది అనుకుంటుండగా మళ్లీ జ్వరం. భుజాన వేసుకుంటే ఊరుకునేది, పడుకోబెడితే గుక్కపట్టి ఏడ్చేది. పడుకుంటే ఈ నొప్పి ఎక్కువవుతుందని తర్వాత డాక్టరు చెప్పారు.

మా అత్తయ్య వెల్లుల్లి వేసి నూనె కాచారు. పాప తల తిప్పేస్తుంటే పోయలేకపోయాం, అదే మంచిదైంది. తెల్లారేసరికి దిండు మీద చీము మరక. కర్ణభేరికి చిల్లు పడింది. అలాంటప్పుడు చెవిలో నూనె గానీ, మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలు గానీ వేయకూడదు. చీము కారాక పాప హాయిగా నిద్రపోయింది, కానీ తగ్గింది ఒత్తిడే, ఇన్ఫెక్షన్ కాదు. చిల్లు చాలావరకు దానంతటదే పూడుతుంది, మాకూ పూడింది.

రెండేళ్లు దాటి, నొప్పి ఓ మోస్తరుగా ఉంటే డాక్టర్లు పారాసిటమాల్ ఇచ్చి 2-3 రోజులు చూద్దామంటారు. అది వాళ్లు చెవిలోకి చూసి చెప్పాల్సిన మాట. ఆరు నెలల లోపు పిల్లలైనా, జ్వరం 102 దాటినా, చెవి వెనక వాచినా, మూతి వంకరపోయినా అస్సలు ఆగొద్దు.

తగ్గాక కూడా మా పాప నెలరోజులు పిలిస్తే పలికేది కాదు. చెవి లోపల నీరు మిగిలి సరిగా వినపడలేదట. మొండితనం అనుకుని కసిరాను కూడా.