ఖాళీ గోరీ దర్శన విధానం

మన హైదరాబాద్‌లో పోర్షన్ ఖాళీ అయితే వారం తిరక్కుండా టు-లెట్ బోర్డు దిగిపోతుంది. ఫోర్ట్ కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో మాత్రం ఒక గోరీ దాదాపు అయిదు శతాబ్దాలుగా ఖాళీగానే ఉంది. 1524 డిసెంబరు 24న వాస్కో డ గామా కొచ్చిలో పోతే ఇక్కడే పూడ్చారు. పద్నాలుగేళ్ళకు ఎముకలు పోర్చుగల్‌కు తరలిపోయాయి. ఆయన లేని ఆ చోటును చూడ్డానికే మనవాళ్ళు శబరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని వెళ్తారు.

విమానమెక్కే శ్రీమంతులకు ఒక హెచ్చరిక. విమానాశ్రయం నెడుంబాశ్శేరిలో ఉంది, ఫోర్ట్ కొచ్చికి నలభై కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం తోప్పుంపడి మీదుగా కారులో బయల్దేరితే ట్రాఫిక్ దాటుకుని సరిగ్గా చర్చి మూసే వేళకు చేరతారు. ఎర్నాకులం జెట్టీలో పడవెక్కడం మేలు. దిగాక ఆటోవాడితో వట్టి ‘చర్చి’ అనకండి. తిన్నగా శాంతాక్రూజ్ బాసిలికా ముందు దింపుతాడు. జంట శిఖరాలతో అదే గొప్పగా కనిపిస్తుంది కాబట్టి గామాను అక్కడ వెతికేవాళ్ళున్నారు. 1905లో ప్రతిష్ఠించిన గుడిలో 1524 నాటి మనిషి ఎలా దొరుకుతాడు! మనకు కావలసింది పెంకుటిల్లులా కనిపించే రెండోది.

లోపలికి వెళ్ళగానే కుడివైపు, నేల మీద రాయి, చుట్టూ ఇత్తడి కమ్మీలు. సెల్ఫీ తీస్తే మొహం వస్తే రాయి రాదు, రాయి వస్తే మొహం రాదు. కాబట్టి ఒకరు కమ్మీల పక్కన గొంతుక్కూర్చోవాలి, రెండోవారు నిలబడి పైనుంచి తీయాలి. తీశాక ‘ఇంతేనా?’ అనడం ఆచారం.

ఈ తతంగంలో తల పైకెత్తే తీరిక ఎవరికీ ఉండదు. పైన అడ్డకొయ్యలకు వేలాడే గుడ్డ పంకాలున్నాయి. వాటి తాళ్ళు గోడ దాటి బయటికి పోయేవి. అక్కడ కూర్చున్న మనిషి లాగితే లోపల దొరలకు గాలి తగిలేది. ప్రసంగం ఎంత సాగితే అతని చెయ్యి అంతసేపూ ఆడాలి. కొచ్చి ఉక్కపోతలో ఆ మనిషికి ఎవరు విసిరారో తెలిపే ఫలకం పెట్టాలని ఎవరికీ తోచినట్టు లేదు.

గోడలకు నిలబెట్టిన రాళ్ళు ఒకప్పుడు నేలలో పరిచిన సమాధి ఫలకాలే. ఉత్తరపు గోడకు పోర్చుగీసువాళ్ళవి, దక్షిణపు గోడకు డచ్చివాళ్ళవి. 1503లో కొయ్యతో మొదలై, 1516కల్లా పక్కా కట్టడమైన ఈ చర్చి తొలుత క్యాథలిక్కులది. 1663లో డచ్చివాళ్ళు ఊరు పట్టుకోగానే ప్రొటెస్టెంటు అయింది, 1795లో ఇంగ్లీషువాళ్ళొచ్చాక ఆంగ్లికన్ల చేతికి పోయింది. ఇప్పుడు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారిది. ఇన్ని పార్టీలు మారినా నియోజకవర్గం మాత్రం మారలేదు.

ఆదివారం ఉదయం వెళ్ళకండి. అప్పుడు అక్కడ నిజంగానే ప్రార్థన జరుగుతుంటుంది, గొంతుక్కూర్చోవడం కుదరదు.

పర్యాటక శాఖవారికి ఒక విన్నపం. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయి, మలక్‌పేట దగ్గరి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇప్పటికీ ఉన్నాడు. మూసారాంబాగ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే చాలు. అయినా అటు వెళ్ళేవాళ్ళు కనపడరు. ఆ గోరీ కూడా ఖాళీయేనని ఒక ప్రకటన వేయించి చూడండి, పార్కింగ్‌కు మాత్రం ముందే స్థలం చూసుకోండి.