వెళ్లిపోయినవారి ప్రశ్నలకు బదులేది?

ఒక ఆధ్యాత్మిక సంస్థలో ఏళ్ల తరబడి ఉండి బయటికి వచ్చిన మనిషి, దాని స్థాపకుడి బోధల మీద ఒక ప్రశ్న అడిగితే జవాబు రావడం అరుదు. అడిగిన మనిషి మీద వ్యాఖ్యానం మాత్రం ఆ సాయంత్రానికే సిద్ధమవుతుంది. ‘పరీక్షకు నిలవలేకపోయాడు’, ‘పదవి దక్కలేదని అలిగాడు’, ‘వెనక ఎవరో ఉండి మాట్లాడిస్తున్నారు’. సత్సంగంలో ఒక తీరుగా, ప్రార్థన మందిరంలో మరో తీరుగా, జమాత్‌లో ఇంకో తీరుగా వినిపించినా సారం ఒకటే. హైదరాబాద్‌కు ఈ మాటలు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా, సికింద్రాబాద్ నుంచి శివారు ఆశ్రమాల దాకా ఈ నగరం ఎందరో గురువులకు, బోధకులకు, ధ్యాన కేంద్రాలకు చోటిచ్చింది. బతుకుతెరువు కోసం సొంత ఊరు వదిలి వచ్చిన ఎన్నో కుటుంబాలకు ఆ కేంద్రాలే చుట్టపక్కాలయ్యాయి. అందుకే అక్కడి నుంచి బయటికి వస్తే ఒక నమ్మకం ఒక్కటే పోదు. పిల్లల పెళ్లి సంబంధాలు, వ్యాపారంలో పరిచయాలు, ఆపదలో ఆదుకునే మనుషులు, ఒక్కోసారి కన్నవారు, కట్టుకున్నవారు కూడా దూరమవుతారు.

అలా వచ్చినవారు పత్రికలకు ఉత్తరాలు రాస్తారు. కింద సంతకం ఉంటుంది, పేరు వేయవద్దన్న మనవీ ఉంటుంది. వాటిలో దేవుడి మీద ఫిర్యాదు దాదాపుగా కనిపించదు. వారు అడిగేవి చాలా నిర్దిష్టమైన సంగతులు. దైవప్రేరణతో తనకు తోచాయని స్థాపకుడు చెప్పిన వాక్యాలు అంతకు ముందే అచ్చయిన వేరొకరి గ్రంథంలో ఎలా ఉన్నాయి? ఫలానా ఏడాదిలో జరిగి తీరుతుందన్నది జరగనప్పుడు, తరువాతి ముద్రణలో ఆ పేజీ ఎందుకు లేదు? మందులు మానేయమని శిష్యులకు చెప్పిన పెద్దమనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో ఎందుకు చేరారు? ఇల్లు అమ్మి సమర్పించిన సొమ్ము ఇప్పుడు ఎవరి పేరున ఉంది? వీటిని బయటివాళ్లు అడగలేరు. ఆ పుస్తకాలను పారాయణం చేసినవారు, ఆ హుండీ లెక్కపెట్టినవారు, ఆ వేదిక మీద తివాచీ పరిచినవారు మాత్రమే అడగగలరు. అందువల్లే వాటికి అంత విలువ ఉందని మా అభిప్రాయం.

స్థాపకుణ్ని నిలదీయడం నాస్తికుల పని అని, మన సంప్రదాయంలో లేని పని అని అనేవారికి ఒక చరిత్ర గుర్తుచేయాలి. బెంగాల్ సంస్కర్త కేశవచంద్ర సేన్ 1866లో భారతవర్షీయ బ్రహ్మసమాజాన్ని స్థాపించారు. తానూ అప్పటి బ్రహ్మసమాజ నాయకుడు దేవేంద్రనాథ్ ఠాకూర్‌తో విభేదించి బయటికి వచ్చినవారే. బాల్యవివాహాలకు వ్యతిరేకంగా ఆయన చేసిన కృషి ఫలితంగానే 1872లో ‘మూడవ చట్టం’గా పిలిచే వివాహ చట్టం వచ్చింది; దాని ప్రకారం పెళ్లికూతురికి 14 ఏళ్లు, పెళ్లికొడుకుకు 18 ఏళ్లు నిండాలి. ఆరేళ్లు తిరిగేసరికి, 1878 మార్చిలో, ఆయన తన కుమార్తెను కూచ్ బిహార్ మహారాజుకు ఇచ్చి పెళ్లి చేశారు. ఇద్దరికీ ఆ వయసు రాలేదు. అనుచరులు ముందే అభ్యంతరం చెప్పారు, విన్నపాలు పంపారు. ఇది దైవాదేశం అని ఆయన బదులిచ్చారు. దైవాదేశం అన్నాక ఇక వాదనకు చోటు ఉండదు. ఏ మతంలోనైనా, ఏ కాలంలోనైనా, శిష్యుల నోరు మూయించడానికి ఇంతకన్నా బలమైన మాట మరొకటి లేదు.

శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోస్ ప్రభృతులు ఆ మాట దగ్గర ఆగలేదు. 1878 మే 15న కలకత్తా టౌన్‌హాలులో సమావేశమై సాధారణ బ్రహ్మసమాజాన్ని ఏర్పరచుకున్నారు. ఒక్క మనిషి ఆదేశం మీద సంస్థ నడవకూడదని నియమావళి రాసుకున్నారు, ఎన్నికైన సభ్యుల చేతికి అధికారం ఇచ్చారు. వారు దేవుణ్ని వదల్లేదు, ప్రార్థన మానలేదు. స్థాపకుడు నేర్పిన విలువతోనే స్థాపకుణ్ని తూచారు. కేశవచంద్రుడి మీద వారికి ద్వేషం ఉందని ఆనాడూ ప్రచారం జరిగి ఉండవచ్చు. నూట నలభై ఏళ్ల పైచిలుకు దూరం నుంచి చూస్తే, ఆయన బోధలో నిలబడదగిన భాగాన్ని కాపాడినది వారేనని స్పష్టంగా తెలుస్తుంది.

ఈ కథకు హైదరాబాద్‌తోనూ సంబంధం ఉంది. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ బ్రహ్మసమాజి. ఆయన కుమార్తె సరోజిని, డాక్టర్ గోవిందరాజులు నాయుడుల కులాంతర వివాహం 1898లో మద్రాసులో జరిగింది, అదే 1872 చట్టం కింద. ఆ పెళ్లి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం. ఆ కుటుంబం నివసించిన అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్ భవనం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. చట్టం తెప్పించిన నాయకుడే దాన్ని కాదన్నప్పుడు, ఆయన గొప్పవాడు కనుక మాట్లాడకూడదని అందరూ ఊరుకుని ఉంటే, ఆ సంస్కరణకు సమాజంలో ఏ పాటి గౌరవం మిగిలేది?

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంకో అడుగు ముందుకు వేశారు. తనను జగద్గురువుగా నిలబెట్టేందుకు 1911లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెద్దలు నెలకొల్పిన సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఓమెన్‌లో, వేలాది సభ్యుల ఎదుటే, తానే రద్దు చేశారు. కానుకగా వచ్చిన కోటను, భూములను ఇచ్చినవారికే తిరిగి అప్పగించారు. గద్దె మీద ఉన్నవారికి ఇంత ధైర్యం ఉండటం బహు అరుదు.

సంస్థ మొత్తంగా తన స్థాపకుడి బోధను సరిదిద్దుకున్న సందర్భమూ ఒకటి ఉంది. అమెరికాలో హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియో ప్రసంగాలతో మొదలైన వరల్డ్‌వైడ్ చర్చ్ ఆఫ్ గాడ్‌లో సభ్యులు పుట్టినరోజులు, క్రిస్మస్ జరుపుకోకూడదు. ఒకటికి మించి దశమభాగాలు (రాబడిలో పదో వంతు చొప్పున) చెల్లించాలి. ఆధునిక వైద్యాన్ని నమ్ముకోవడం విశ్వాస లోపంగా చూసేవారు. వైద్యం అందక ఆత్మీయులను పోగొట్టుకున్నవారు, పిల్లల చదువుకు దాచినది దశమభాగంగా ఇచ్చుకున్నవారు ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. 1986లో ఆర్మ్‌స్ట్రాంగ్ మరణించాక వారసులు ఆ బోధలను ఒక్కొక్కటిగా మళ్లీ పరిశీలించారు. 1994 డిసెంబరులో, పాత నియమాలు ఇక తప్పనిసరి కావని బహిరంగంగా ప్రకటించారు. 1996లో తమ సొంత పత్రికలోనే సభ్యులను, మాజీ సభ్యులను క్షమించమని కోరారు. దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. వేలమంది విడిపోయి పాత బోధతోనే వేరు కుంపట్లు పెట్టుకున్నారు, రాబడి కుప్పకూలింది, సంస్థ చివరికి పేరు కూడా మార్చుకుంది. అయినా ఆ క్షమాపణ, అప్పటిదాకా ద్రోహులని పిలిపించుకున్నవారికి దక్కిన మొదటి మర్యాద. మన నగరంలోని సంస్థల నిర్వాహకులు ఈ ఒక్క సంగతినైనా శ్రద్ధగా ఆలోచించాలని కోరుతున్నాం. జవాబు చెప్పడమంటే స్థాపకుణ్ని అవమానించడం కాదు. మూల ప్రతులు చూపించడం, మార్చిన ముద్రణలు ఎందుకు మార్చారో చెప్పడం, లెక్కలు బయటపెట్టడం, తప్పు జరిగి ఉంటే ఒప్పుకోవడం. ఇవేవీ భక్తికి విరుద్ధం కావు.

బయటికి వచ్చిన ప్రతివారూ చెప్పేదంతా నిజమని మేము అనడం లేదు. బాధలో ఉన్న మనిషి ఎక్కువ చేసి చెప్పవచ్చు, పాత తగాదాను సిద్ధాంతంగా మలచవచ్చు. ఇంకా లోపలే ఉన్నవారిని మూఢులని తూలనాడినప్పుడు వారి వాదన బలహీనపడుతుంది కూడా. నిన్నటిదాకా తామూ అదే నమ్మకంతో, అదే కన్నీళ్లతో కూర్చున్నవారే కదా! అయితే ఆరోపణ నిజమో కాదో తేల్చడానికి ఆధారాలు చూడాలి. అడిగినవారి గుణగణాలు తవ్వితే అది తేలదు.

ప్రశ్న బోధల దగ్గర మొదలై నేరం దాకా వెళ్లిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. అక్కడ బయటికి వచ్చినవారు ప్రాణాలే ఇచ్చుకున్నారు. బాలికపై అత్యాచారం కేసులో ఆశారాం బాపూకు 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు జీవిత ఖైదు విధించింది. ఆ తీర్పు రాకముందే ఆయనపై కేసుల్లో సాక్షులపై వరుసగా దాడులు జరిగాయి. ఒకప్పుడు ఆశ్రమంలో వైద్యుడిగా పనిచేసిన వ్యక్తిని 2014లో రాజ్‌కోట్‌లో, వంటవాడిగా ఉన్న వ్యక్తిని 2015లో ముజఫర్‌నగర్‌లో కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. మరో సాక్షి పిటిషన్ వేసిన ఫలితంగానే సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటా అమలు చేయమంది. హరియాణాలోని సిర్సా డేరా (ఆశ్రమం) సాధ్వి ఒకరు, దాని అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ అత్యాచారం చేశారంటూ, పేరు చెప్పుకోకుండా ప్రధానికి లేఖ రాసింది 2002లో. ఆయనను కోర్టు దోషిగా తేల్చింది 2017లో. పదిహేనేళ్లు! లోపలి నుంచి వచ్చిన తొలి మాటను పోలీసులు, ప్రభుత్వాలు ఆనాడే చెవిన పెట్టి ఉంటే ఎంత మంది మానం, ప్రాణం దక్కేవో ఆలోచిస్తే కోపం వస్తుంది, రావాలి కూడా.

కాబట్టి పోలీసుల బాధ్యత మీద మేము గట్టిగా మాట్లాడదలచుకున్నాం. మత విశ్వాసాలను అవమానించారన్న ఫిర్యాదు పట్టుకుని సంస్థ ప్రతినిధులు ఠాణాకు వస్తే, మాజీ సభ్యుణ్ని పిలిపించి రోజంతా కూర్చోబెట్టడం చట్టం కాదు. 1927లో భారత శిక్షాస్మృతిలో చేరిన 295ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా ఉంది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1957లోనే స్పష్టం చేసింది. ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు ఆ నేరాన్ని విచారణకు స్వీకరించదు. ఒక ఎంపీ కవితపై గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును 2025 మార్చిలో కొట్టివేస్తూ, మాటలకు, రాతలకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని సుప్రీంకోర్టు చెప్పింది. స్థాపకుడి గ్రంథంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపించి ‘ఇది ఎలా సరి?’ అని అడగడంలో దురుద్దేశం ఎక్కడుంది? హైదరాబాద్, సైబరాబాద్ కమిషనర్లు ఈ తీర్పులను ప్రతి ఠాణాకూ రాతపూర్వకంగా గుర్తుచేయాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ కంటే ముందు పేర్కొన్నది అంతరాత్మ స్వేచ్ఛను. నమ్మకం కుదరక వదిలి వచ్చిన మనిషికి కూడా అది దక్కాలి.

కేసులకన్నా ఎక్కువమందిని నలిపేది వెలి. షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా సమాజంలో వెలివేతలను ఆపడానికి బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేస్తే, 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని కొట్టివేసింది. ఆనాటి ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే, వ్యక్తి స్వేచ్ఛను కాపాడేది ఆ చట్టమేనని విభేదించారు. ఆ వివాదాన్ని 2023 ఫిబ్రవరిలో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు. ఈలోగా మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటిస్తూ మరో చట్టం తెచ్చుకుంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల బహిష్కరణల గురించి ఇన్నేళ్లుగా వింటున్న మనకు అలాంటి చట్టం అవసరమని ఇంకా ఎవరు చెప్పాలి? పల్లెలో కిరాణా కొట్టువాడు ఉప్పు ఇవ్వకపోవడం ఎంత నేరమో, నగరంలో ఒక సంస్థ ఫోను సందేశంతో అన్నదమ్ముల మధ్య రాకపోకలు ఆపించడమూ అంతే నేరం.

డబ్బు సంగతీ అలాగే వదిలేయడానికి వీల్లేదు. ఇలాంటి సంస్థల్లో చాలావాటికి సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్ట్రేషన్ ఉంటుంది, పన్ను మినహాయింపు ఉంటుంది. సొసైటీల చట్టం ప్రకారం లెక్కలు అడిగే హక్కు, వివాదాన్ని జిల్లా కోర్టుకు తీసుకెళ్లే హక్కు సభ్యులవి. ప్రశ్నించిన మరుక్షణం సభ్యత్వం తీసేస్తే, ఆ హక్కు ఎవరి చేతిలో మిగులుతుంది? తాను సభ్యుడిగా ఉన్న కాలానికి సంబంధించిన లెక్కలను అడిగే హక్కు మాజీ సభ్యుడికి, విరాళం ఇచ్చినవారికి ఉండేలా చట్టాన్ని సవరించాలి.

సాంఘిక బహిష్కరణ నిషేధ బిల్లును, ఈ సవరణను శాసనసభ వచ్చే సమావేశాల్లోనే చేపట్టాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ముసాయిదా తయారీకి మత సంస్థల పెద్దలను పిలుస్తారు, పిలవాలి. వారికన్నా ముందు, బయటికి వచ్చినవారిని పిలిచి, పేర్లు గోప్యంగా ఉంచుతామని హామీ ఇచ్చి, వారు చెప్పేది రాసుకోవాలి.